చిటికెన పుల్ల వినిపిస్తోందా?

తల వెంట్రుకకన్నా పల్చటి పొర. దానికి అటూ ఇటూ అయస్కాంతాలు. మొత్తం కలిపి చెవిలో ఇమిడిపోయేంత డబ్బీ. దాని పేరు ప్లానార్ మాగ్నెటిక్ ఇయర్‌ఫోన్. కొన్నేళ్లుగా పాటల పిచ్చోళ్ల నోట ఇదే మాట. ఒకరు ‘ఇది గొప్ప’ అంటే ఇంకొకరు ‘కాదు, అది గొప్ప’ అంటారు. ఇంతకీ ఒకదాన్ని ఇంకొకదానితో పోల్చేదెలా? ఎవరి మాట నమ్మాలి?

ముదిగొండ. ఖమ్మం పక్కనే ఉన్న మండల కేంద్రం. అక్కడ ఓ ఇంటి అరుగు మీద సాయంత్రంపూట తాతా మనవడూ కూర్చున్నారనుకుందాం. తాతది ఒకప్పుడు డప్పు కొట్టిన చెయ్యి. పెళ్లయినా, జాతరైనా, చావైనా ఊళ్లో ఆయన దెబ్బ పడాల్సిందే. మనవడు హైదరాబాద్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరాడు. మంచి ఇయర్‌ఫోన్లు కొనాలని మనసు పడ్డాడు. వినకుండా కొనడానికి ధైర్యం చాల్లేదు. రూమ్మేట్ల దగ్గర రెండు జతలు అడిగి తెచ్చుకున్నాడు. రెండూ ప్లానార్లే. ఒకటి ఖరీదైనది, ఇంకోటి దాని ధరలో సగం.

ఖరీదైనదాన్ని తాత చెవిలో పెట్టి ఫోన్లో డప్పు పాట మోగించాడు.

‘‘ఎట్లుంది తాతా?’’

తాత కాసేపు కళ్లు మూసుకుని విన్నాడు. ‘‘సౌండయితే బాగనే ఉందిరా. చిటికెన పుల్ల ఏడబోయింది?’’

మనవడికి నోట మాట రాలేదు.

డప్పు కొట్టేవాళ్లకు రెండు చేతుల్లో రెండు కర్రలుంటాయి. ఒకటి లావుపాటి సిర్ర. రెండోది సన్నగా, పొడుగ్గా ఉండే చిటికెన పుల్ల. సిర్ర దెబ్బ గుండెల్లో మోగుతుంది. చిటికెన పుల్ల చప్పుడు దాని పక్కనే చురుగ్గా, పొడిగా పలుకుతుంది. రెండూ కలిస్తేనే డప్పు. ఒకటి రెండోదాన్ని మింగేస్తే అది ఉత్త మోత. వేల రూపాయల ఇయర్‌ఫోన్ గురించి పేజీలకు పేజీలు రాసేవాళ్లు చెప్పదలుచుకున్నదాన్ని తాత ఒక్క ప్రశ్నలో అడిగేశాడు. ఇయర్‌ఫోన్లను పోల్చడమంటే ఇదే. మనకు బాగా తెలిసిన చప్పుడు అందులో ఉన్నదున్నట్టు వినిపిస్తోందా, లేదా!

డప్పుకీ పొరకీ చుట్టరికం

మామూలు ఇయర్‌ఫోన్ లోపల ఏముంటుంది? చిన్న గిన్నెలాంటి పొర, దాని వెనక అతికించిన తీగచుట్ట, ఆ చుట్ట దగ్గర అయస్కాంతం. ఫోన్ నుంచి పాట కరెంటు రూపంలో వస్తుంది. తీగచుట్ట ముందుకీ వెనక్కీ కదులుతుంది. దాంతోపాటు పొర కదిలి గాలిని తోస్తుంది. అదే మనకు వినిపించే పాట. దీన్ని డైనమిక్ డ్రైవర్ అంటారు. బజారులో దొరికే ఇయర్‌ఫోన్లలో ఎక్కువ భాగం ఈ రకమే.

ఇందులో చిన్న చిక్కుంది. తీగచుట్ట పొర మొత్తానికీ అంటుకుని ఉండదు. ఓ వలయం మేరకే తోస్తుంది. మిగతా పొర దాని వెంట రావాలి. వేగంగా కదలాల్సి వచ్చినప్పుడు అంచుల్లో ఒక తీరుగా, మధ్యలో ఇంకో తీరుగా ఊగిపోయే ప్రమాదం ఉంది. మంచి కంపెనీలు గట్టి, తేలికైన పొరలు వాడి ఆ ఊగులాటను అదుపులో పెడతాయి.

ప్లానార్ కథ వేరు. ఇక్కడ విడిగా తీగచుట్ట ఉండదు. పల్చటి ప్లాస్టిక్ పొర మీదే కరెంటు పారే సన్నటి లోహపు చారలు పరిచేస్తారు. ఆ పొరను చట్రంలో బిగించి లాగి, అయస్కాంతాల వరసల పక్కన నిలబెడతారు. పాట కరెంటు ఆ చారల్లో పారినప్పుడు పొర దాదాపు మొత్తం ఒక్కసారిగా కదులుతుంది. ఆ పొర మందం కొన్ని మైక్రాన్లే. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు!

డప్పుతో పోల్చి చూస్తే ఇది ఇట్టే అర్థమవుతుంది. తోలు వదులైతే డప్పు పలకదు. అందుకే కొట్టేముందు మంటకు చూపించి కాకెక్కిస్తారు. తోలు బిగుసుకుంటుంది. అప్పుడు దెబ్బ ఖంగుమంటుంది. ప్లానార్ పొరకూ బిగువే ప్రాణం. బిగువు తగ్గితే పొర అయస్కాంతాన్ని తాకుతుంది, మరీ ఎక్కువైతే కదలనని మొండికేస్తుంది. తేడా ఒక్కటే. డప్పును ఒకచోట కొడితే తోలంతా అదురుతుంది. ప్లానార్‌ను మాత్రం కరెంటు అన్నిచోట్లా ఒకేసారి తోస్తుంది.

ఇంకో లాభం కూడా ఉంది. ప్లానార్ డ్రైవర్ కరెంటుకు చూపే అడ్డు... అంటే ఇంపెడెన్స్... అన్ని స్వరాల దగ్గరా దాదాపు ఒకేలా ఉంటుంది. కాబట్టి ఏ ఫోన్‌కు తగిలించినా, ఏ డబ్బీకి తగిలించినా పాట రంగు పెద్దగా మారదు. వినికిడి యంత్రాల నుంచి ఇయర్‌ఫోన్లలోకి వచ్చిన బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ రకానికి ఆ భరోసా లేదు. ఒక ఫోన్లో ఒకలా, ఇంకో ఫోన్లో ఇంకోలా పలికే సందర్భాలుంటాయి.

తలుపంత స్పీకర్ నుంచి...

ఈ పరిజ్ఞానం నిన్నమొన్నటిది కాదు. అమెరికాలోని మిన్నెసోటాలో జిమ్ వైనీ అనే ఇంజినీర్ 1969లో మాగ్నెపాన్ కంపెనీ పెట్టాడు. తలుపు రెక్కల్లా పల్చగా, నిలువుగా ఉండే ప్లానార్ స్పీకర్లు తయారుచేశాడు. 1976లో జపాన్ కంపెనీ యమహా ఇదే సూత్రంతో హెచ్‌పీ-1 అనే హెడ్‌ఫోన్ తెచ్చింది. దానికి రూపం దిద్దింది ఇటలీ డిజైనర్ మారియో బెల్లిని. ఆ తర్వాత చాలాకాలం ఈ రకం కొద్దిమంది అభిమానుల వస్తువుగానే ఉండిపోయింది. 2008లో మొదలైన అమెరికన్ కంపెనీ ఆడెజె పెద్ద ప్లానార్ హెడ్‌ఫోన్లతో మళ్లీ ఊపు తెచ్చింది. ఆ కంపెనీని 2023లో సోనీ వాళ్ల ప్లేస్టేషన్ విభాగం కొనేసింది.

పెద్ద హెడ్‌ఫోన్‌లో పొరకు బోలెడంత చోటుంటుంది. చెవిలో పెట్టుకునేదానిలో ఎక్కడిదీ? పొర చిన్నదైతే అది తోసే గాలి తగ్గుతుంది. అయస్కాంతాలు చిన్నవైతే బలం తగ్గుతుంది. ఆడెజె 2016లో ఐసైన్ పేరుతో 30 మిల్లీమీటర్ల పొరను చెవి బయట వేలాడేలా అమర్చి, నాళంతో చెవిలోకి పాటను పంపింది. చూడటానికి సాలెగూడు తగిలించుకున్నట్టు ఉండేది. 2019లో చైనా కంపెనీ టిన్‌హైఫై తెచ్చిన పీ1 చెవిలో చక్కగా ఇమిడిపోయింది. కానీ ఫోన్ దాన్ని మోయలేకపోయింది.

అసలు మలుపు 2021లో. సెవెన్‌హెర్ట్జ్ అనే చైనా కంపెనీ టైమ్‌లెస్ పేరుతో 14.2 మిల్లీమీటర్ల ప్లానార్ పొర ఉన్న ఇయర్‌ఫోన్ విడుదల చేసింది. ధర దాదాపు 220 డాలర్లు. మామూలు ఫోన్‌తోనే మోగింది. ఆ వెంటే లెట్‌షూయర్ కంపెనీ 14.8 మిల్లీమీటర్ల పొరతో ఎస్12 తెచ్చింది. 2022లో సింగపూర్ సమీక్షకుడు క్రినాకిల్‌తో కలిసి సెవెన్‌హెర్ట్జ్ డియోకో అనే జతను వంద డాలర్ల లోపు ధరకే దించింది. ఆ ఏడాదే మూన్‌డ్రాప్ నుంచి స్టెల్లారిస్ వచ్చింది. 2023 నాటికి కేజెడ్ కంపెనీ పీఆర్1 వరస యాభై డాలర్ల చుట్టుపక్కలకు దిగింది. రెండేళ్లలోనే ధర దాదాపు నాలుగో వంతుకు పడిపోయింది!

ఒకే సూత్రం... తలా ఓ తీరు

అన్నీ ప్లానార్లే కదా, అన్నీ ఒకేలా పలుకుతాయా? అస్సలు కాదు. ఒకే ఊరి బియ్యంతో ఇంటికో తీరు అన్నం వండినట్టు ఉంటుంది వ్యవహారం.

పీ1లో గొంతు ముందుకొస్తుంది, బేస్ పల్చగా ఉంటుంది. సిర్ర దెబ్బకు బరువు చాలదు. టైమ్‌లెస్‌లో అడుగు బేస్ దిట్టంగా, శుభ్రంగా ఉంటుంది. పైన తాళాలు, గజ్జెల చప్పుడు దగ్గర ఓ మెరుపు ఉంటుంది. ఆ మెరుపు కొందరికి ఇష్టం, కొందరికి కష్టం. ఎస్12 మరికాస్త వెచ్చగా, బేస్ నిండుగా పలుకుతుంది. సినిమా పాటలు వినేవాళ్లకు అది తొందరగా నచ్చుతుంది. డియోకోలో బేస్ తగ్గి చురుకుదనం పెరుగుతుంది. స్టెల్లారిస్ పైస్వరాల్లో మరీ పదును ఎక్కువని చాలామంది సమీక్షకులు పెదవి విరిచారు.

అన్నింటిలోనూ సాధారణంగా కనిపించే గుణం ఒకటుంది. దెబ్బ పడి ఠక్కున ఆగిపోయిన భావన. డోలు మోత గొంతు మీదికి పాకదు. అందుకే వీటిని ‘వేగం’ ఉన్నవంటారు. అయితే ఈ వేగం పొర తేలికదనం వల్లనే వస్తుందనుకోవడం పూర్తి నిజం కాదు. ఏ స్వరం ఎంత ఎత్తులో పలుకుతోందన్న ఎగుడుదిగుళ్ల లెక్కే చాలావరకు ఆ భావన కలిగిస్తుందని శబ్ద ఇంజినీర్లు చెబుతారు. మధ్య బేస్ కాస్త తగ్గించి, పైస్వరం కాస్త పెంచితే ఏ ఇయర్‌ఫోనైనా ‘వేగంగా’ అనిపిస్తుంది.

లోపం కూడా ఒకటుంది. వీణ, వయొలిన్, నాదస్వరం వంటివాటి నాదం కొన్ని ప్లానార్లలో సహజంగా ఉండదని కొందరు వాపోతారు. తీగ మీట గానే ముందు చురుక్కుమని, వెనక రావాల్సిన కండ కాస్త తక్కువైనట్టు ఉంటుందట. మంచి డైనమిక్ డ్రైవర్ అక్కడ మార్కులు కొట్టేస్తుంది. కాబట్టి ‘ప్లానార్ అంటే గొప్ప, డైనమిక్ అంటే తక్కువ’ అన్న మాటను పక్కన పెట్టేయొచ్చు.

మోత చేసే మోసం

మళ్లీ అరుగు మీదికి వెళ్దాం. మనవడు ఎందుకు పొరబడ్డాడు? ఖరీదైన జత పెట్టుకోగానే పాట ‘విప్పారినట్టు’ అనిపించింది. చౌకది పెట్టుకుంటే నీరసంగా తోచింది. ఫోన్లో వాల్యూమ్ మాత్రం మార్చలేదు. తప్పంతా అక్కడే జరిగింది.

రెండు ఇయర్‌ఫోన్లు ఒకే వాల్యూమ్ గీత దగ్గర ఒకే మోత ఇవ్వవు. కంపెనీ కాగితాలు చూస్తే టైమ్‌లెస్‌ది 104 డెసిబెల్స్, ఎస్12ది 102. పీ1ది 96 దరిదాపు. టైమ్‌లెస్‌తో సమానంగా మోగాలంటే పీ1కు ఆరు రెట్లకు పైగా పవర్ కావాలి. 2 డెసిబెల్స్ తేడా చెవికి ‘మోత పెరిగింది’ అని తెలియదు. ‘స్పష్టత పెరిగింది’, ‘బేస్ బాగుంది’ అని తోస్తుంది. కావాలనుకుంటే ఏ దుకాణదారైనా ఈ ఒక్క కిటుకుతో ఏ జతనైనా అమ్మేయగలడు.

ఎందుకలా? 1933లోనే అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని కొలిచారు. మోత తక్కువగా ఉన్నప్పుడు మన చెవికి కింది స్వరాలు బాగా తక్కువగా వినిపిస్తాయి. మోత పెంచేకొద్దీ అవి మధ్య స్వరాలను అందుకుంటాయి. అంటే వాల్యూమ్ పెంచడమే బేస్ పెంచడం. ఇయర్‌ఫోన్ మారకుండానే పాట మారిపోతుంది.

మందు సులువే. 1000 హెర్ట్జ్ దగ్గర ఒకే స్వరం మోగించే ఉచిత యాప్‌లు ఫోన్లలో దొరుకుతాయి. ముందు ఒక జతతో ఆ స్వరం వినాలి. రెండో జత పెట్టుకుని అదే మోత వచ్చేదాకా వాల్యూమ్ సర్దాలి. రెండు గీతలనూ గుర్తుపెట్టుకోవాలి. ఆ తర్వాతే పాట. చెవికి శబ్దం జ్ఞాపకం ఉండేది కొద్ది క్షణాలే కాబట్టి ఒకే ముక్కను, పది పదిహేను సెకన్ల చొప్పున, వెంటవెంటనే మార్చి వినాలి. ఇవాళ ఒకటి, వచ్చే ఆదివారం ఒకటి విని తీర్పు చెబితే అది తీర్పు కాదు, జ్ఞాపకం మీద కట్టిన కథ.

మనవడు అదే చేశాడనుకుందాం. స్వరం మోగించి మోత సమం చేశాడు. చౌక జతను మళ్లీ తాత చెవిలో పెట్టాడు.

‘‘ఆ... ఇగో, ఇప్పుడు వినబడుతుందిరా పుల్ల.’’

ఏ పాటతో పోల్చాలి?

పాశ్చాత్య సమీక్షకులు వాళ్లకు తెలిసిన జాజ్, రాక్ పాటలతో పరీక్షిస్తారు. తెలుగు చెవికి తెలుగు పాటే గీటురాయి. అందుకు దూరం వెళ్లక్కర్లేదు.

మొదటి పరీక్షకు పాత పాట కావాలి. ‘మాయాబజార్’ (1957) కాలంలో స్టీరియో లేదు. పాటంతా ఒకే దారిలో, మోనోలో రికార్డయ్యేది. అలాంటి పాటను ఇయర్‌ఫోన్‌లో వింటే ఘంటసాల గొంతు సరిగ్గా తల మధ్యలో నిలబడాలి. కుడికో ఎడమకో జరిగితే తేడా ఉన్నట్టే. అప్పుడు కుడిదాన్ని ఎడమకు, ఎడమదాన్ని కుడికి మార్చి చూడాలి. గొంతు కూడా అటు మారితే తప్పు ఇయర్‌ఫోన్‌ది. మారకపోతే తప్పు మన చెవిదో, రబ్బరు బుడిపె కూర్చున్న తీరుదో! వందల పేజీల సమీక్ష చెప్పలేని సంగతి పాత పాట నిమిషంలో చెప్పేస్తుంది.

రెండోది గొంతు పరీక్ష. ముదిగొండ పక్క మండలమే నేలకొండపల్లి. భద్రాచల రామదాసుగా పేరుపడ్డ కంచర్ల గోపన్న పుట్టిన ఊరు. ఆయన కీర్తనలను విజయవాడ ఆకాశవాణి ద్వారా ఇంటింటికీ చేర్చిన గొంతు మంగళంపల్లి బాలమురళీకృష్ణది. ఆయన 2016లో వెళ్లిపోయారు. ఆ పాత రికార్డింగుల్లో తంబురా శ్రుతి వెనక సన్నగా సాగుతూ ఉంటుంది. గొంతు పైకి వెళ్లినప్పుడు అది మాయం కాకూడదు. ‘స’, ‘శ’ అక్షరాల దగ్గర చెవిలో గుచ్చుకున్నట్టు ఉంటే ఆ ఇయర్‌ఫోన్‌కు పైస్వరం ఎక్కువైనట్టు. ప్లానార్లు చాలావరకు తప్పేది ఇక్కడే. పాత టేపులో ఉన్న ‘స్‌స్‌స్’ చప్పుడును కూడా ఎత్తి చూపిస్తాయి. అద్దం మరీ శుభ్రమైతే మొటిమ కూడా కనిపిస్తుంది కదా!

మూడోది జంట గొంతుల పరీక్ష. 2023లో ఆస్కార్ గెలిచిన ‘ఆర్‌ఆర్‌ఆర్’ పాటను రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ కలిసి పాడారు. కింద కీరవాణి వాయిద్యాల హోరు ఆగకుండా సాగుతుంది. ఆ హోరులో రెండు గొంతులూ విడివిడిగా గుర్తుపట్టగలిగితే ఆ జతకు మంచి మార్కులు వేయొచ్చు. ప్లానార్లు సాధారణంగా నెగ్గేది ఇక్కడే.

నాలుగోది అన్నింటికన్నా కష్టమైన పరీక్ష. ఖమ్మం దాటి మణుగూరు, భద్రాచలం అడవుల వైపు వెళ్తే కోయల డోలు వినిపిస్తుంది. మణుగూరు ప్రాంతానికి చెందిన సకిని రామచంద్రయ్య ఆ డోలు వాయిస్తూ సమ్మక్క-సారలమ్మల కథను, కోయ వీరుల గాథలను గానం చేసేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. ఇప్పుడా గొంతు వినాలంటే రికార్డింగే దిక్కు. అవి స్టూడియో గదుల్లో తీసినవి కావు. గాలి చప్పుడు, జనం మాటలు, డోలు మోత అన్నీ కలిసిపోయి ఉంటాయి. వాటి మధ్య నుంచి గొంతును, మాటను పట్టుకోగలగాలి. డోలు మోత మాటను కప్పేస్తే కథ పోతుంది. సినిమా పాట ఒకసారి సరిగా వినిపించకపోతే మళ్లీ ఎక్కడైనా వినొచ్చు. ఇలాంటి గొంతుల విషయంలో ఆ ధీమా లేదు. ఇయర్‌ఫోన్ మంచిదా కాదా అన్న ప్రశ్న ఇక్కడికొచ్చేసరికి షోకు కాదు, అవసరం.

గ్రాఫూ కావాలి, చెవీ కావాలి

‘ఇంత గొడవెందుకు, కొలిచిన గ్రాఫులు ఉంటాయిగా!’ అనొచ్చు. ఉంటాయి. మనిషి చెవి రంధ్రాన్ని పోలిన లోహపు గొట్టం, దాని చివర మైక్... ఈ కృత్రిమ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి ఏ స్వరం ఎంత ఎత్తులో పలుకుతుందో గీస్తారు. హర్మన్ సంస్థలో షాన్ ఒలివ్ బృందం చాలామంది శ్రోతల్ని కూర్చోబెట్టి, ఎక్కువమందికి నచ్చే గీత ఎలా ఉండాలో తేల్చింది. ఏ జత పెట్టుకున్నారో శ్రోతకు తెలియకుండా, ఒకే ఇయర్‌ఫోన్‌లో రకరకాల ఇయర్‌ఫోన్ల స్వభావాన్ని అనుకరించి వినిపించింది. బ్రాండూ, ధరా, మెరుపూ కనిపించకపోతే మనుషుల ఇష్టాలు చాలావరకు ఒకేచోటికి చేరాయి.

2017లో జెరోన్ బ్రీబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్ల కొలతలను వాటి ధరలతో పోల్చి చూశాడు. స్వరాల ఎగుడుదిగుళ్లకూ ధరకూ సంబంధమేమీ కనిపించలేదు. ఖరీదు పెరిగితే డబ్బీ మెరుస్తుంది. పాట మెరుస్తుందన్న హామీ లేదు.

అయితే గ్రాఫుకూ హద్దుంది. 8000 హెర్ట్జ్ దాటాక ఆ కొలత అంతగా నమ్మదగింది కాదు. ఇయర్‌ఫోన్ ఎంత లోపలికి వెళ్లిందన్నదాన్ని బట్టి అక్కడి గీత మారిపోతుంది. చెవి నాళం పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు. అందరిదీ అచ్చం ఒకేలా ఉండదు. ప్లానార్ల మీద వచ్చే ఫిర్యాదులు ఎక్కువగా ఈ పైస్వరాల దగ్గరే కాబట్టి, ఒకరికి కమ్మగా ఉన్నది ఇంకొకరికి కరుగ్గా తోచడంలో వింత లేదు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

వయసు కూడా లెక్కలోకి వస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ చెవికి పైస్వరాలు అందడం తగ్గుతుంది. మనవడికి గుచ్చుకున్న మెరుపు తాతకు తెలియకపోవచ్చు. కానీ లయ తెలుస్తుంది. ఎక్కడ ఏ దెబ్బ పడాలో, ఏది తప్పిపోయిందో తెలుస్తుంది. చెవి ముసలిదైనా వినడం ముసలిదవదు.

ఇంకో చిన్న విషయం మరవకూడదు. రబ్బరు బుడిపె సరిగా కూర్చోకపోతే బేస్ అంతా గాలిలోకి పోతుంది. ఇయర్‌ఫోన్‌తోపాటు వచ్చే చిన్నా, మధ్యా, పెద్దా సైజుల్లో ఏది సరిపోతుందో చూసుకోవాలి. రెండు చెవులకూ రెండు సైజులు కావాల్సి వచ్చినా ఆశ్చర్యం లేదు. ఇరవై వేల జతను ‘బేస్ లేదు’ అని పక్కన పడేసేముందు యాభై రూపాయల బుడిపె మార్చి చూడటం మేలు.

శుభ్రంగా మోగితే ప్రమాదమే!

ప్లానార్లకు ఓ తియ్యటి ప్రమాదం ఉంది. మామూలు చౌక ఇయర్‌ఫోన్ మోత పెంచేకొద్దీ బొంగురుపోతుంది. ఆ బొంగురే ‘ఇక చాలు’ అని హెచ్చరిస్తుంది. మంచి ప్లానార్ బొంగురుపోదు. ఎంత పెంచినా శుభ్రంగానే మోగుతుంది. చెవి మాత్రం లోపల అలిసిపోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినొచ్చు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగానికి పడిపోతుంది. 90 డెసిబెల్స్ దగ్గరికొచ్చేసరికి వారం మొత్తానికీ మిగిలేది 4 గంటలే. చెవి లోపలి సూక్ష్మ కణాలు ఒకసారి పోతే మళ్లీ మొలవవు. ఖమ్మం నుంచి హైదరాబాద్ బస్సులో, ఇంజిన్ మోతను మించాలని వాల్యూమ్ పెంచుకుంటూ పోయేవాళ్లు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. బయటి చప్పుడును బాగా అడ్డుకునే బుడిపె ఉంటే వాల్యూమ్ పెంచే అవసరమే తగ్గుతుంది. పోల్చేటప్పుడు కూడా అంతే. తక్కువ మోతలో బాగా పలికే జతే మంచి జత.

చివరికి...

అరుగు మీద చీకటి పడింది. మనవడు చౌక జత వైపే మొగ్గాడు. మిగిలిన డబ్బుతో ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేదు. ఒక సందేహం మాత్రం మిగిలిపోయింది.

‘‘తాతా, ఈ రికార్డింగులో డప్పు అసలు ఎట్లా మోగిందో మనకు తెలియదు గదా. మరి ఇది సరిగ్గా వినిపిస్తుందో లేదో ఎట్లా చెప్పేది?’’

తాత ఏమీ అనలేదు. లేచి లోపలికి వెళ్లాడు. అటక మీది నుంచి పాత డప్పు దించాడు. దుమ్ము దులిపాడు. వాకిట్లో నాలుగు ఎండుగడ్డి పరకలు పోగేసి మంట వేశాడు. తోలు కాకెక్కేదాకా అటూ ఇటూ తిప్పాడు. వేలితో ఒకసారి తట్టి, తల ఊపాడు.

‘‘ఫోను ఆడ పెట్టు. రికార్డు చెయ్యి. ముందు ఉత్త చెవుతోటి విను. తర్వాత దాంట్లో విను.’’

పోల్చడానికి అంతకన్నా మంచి పద్ధతి ఏ ప్రయోగశాలలోనూ లేదు. అసలు చప్పుడు తెలిసినవాడికే నకలు విలువ తెలుస్తుంది. ఇయర్‌ఫోన్ కొనాలనుకునేవాళ్లు ముందుగా తమ ఇంట్లో, తమ వాడలో అలాంటి అసలు చప్పుడు ఏదుందో వెతికి, ఒకసారి రికార్డు చేసుకుంటే చాలు. అమ్మ పాడే జోలపాట కావచ్చు, గుడి గంట కావచ్చు, తాత డప్పు కావచ్చు. కొనే జత నాలుగేళ్లకు పాతబడుతుంది. ఆ రికార్డింగు పాతబడేకొద్దీ విలువ పెరుగుతుంది.

సిర్ర మొదటి దెబ్బ పడింది. పక్కనే చిటికెన పుల్ల... చక్కగా వినిపిస్తోంది.